మొగుడికొచ్చిన వేవిళ్ళు

వాంతులు నావి, పరామర్శలు నా మొగుడికి. మీరే చెప్పండి, ఒళ్ళు మండదా?

మా కొండల్లో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. పెళ్ళాం మీద నిజంగా ప్రేమ ఉన్న మగాడికి ఆమె వేవిళ్ళు వెళ్ళి పట్టుకుంటాయట. ఇక వాడు కక్కుకుంటాడు, ఆమె హాయిగా తిని తిరుగుతుంది. అలాంటి మగాణ్ణి ఊరంతా నెత్తిన పెట్టుకుంటుంది. నేనూ నమ్మాను. మా అమ్మ చెప్పింది, అమ్మకు వాళ్ళమ్మ చెప్పింది, నమ్మకేం చేస్తాను?

మా ఇంటి పని కసాబే రొట్టె. కర్రపెండలం చెక్కు తీసి, మోటారులో తురిమి, గోనెల్లో కట్టి నీళ్ళు పిండేసి, ఆ పిండిని పెద్ద పెనం మీద పలచగా పరిచి కాలుస్తాం. పెరట్లోనే రేకుల షెడ్డు, అందులోనే కట్టెల పొయ్యి. పెత్తనమంతా మా అత్త కాసిల్దాది, ఊరందరికీ ఆమె దోన్యా, అంటే అమ్మగారు. మామ పోయి చాలా కాలమైంది. మా ఆయన ఎలీహియో సరుకంతా పికప్పులో వేసుకుని సరిహద్దు ఊరు దహబోన్ సంతకు తోలుకెళ్తాడు. పెనం దగ్గర నేను.

నెల తప్పాక నాకు ప్రాణం మీదికొచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పీలుస్తున్న వాసన, పిండిన కర్రపెండలం నీళ్ళ ఆ పులిసిన కంపు, ఒక్కసారిగా పగబట్టినట్టు మీద పడింది. తెల్లారి మంచం దిగి కాలు కింద పెడితే చాలు, పేగులు నోట్లోకి వచ్చేవి. పోయినేడు ఒక కడుపు నిలవలేదు నాకు. ఎన్ని వాంతులైనా సరే, ఈ బిడ్డ నిలిస్తే చాలని పళ్ళు బిగించుకుని ఉన్నాను.

అలాంటి ఒక పొద్దున పికప్పు వెనక నుంచి పెద్ద చప్పుడు వినిపించింది. పరుగెత్తి చూద్దును కదా, ఎలీహియో రెండు చేతులూ బండికి ఆనించి వంగి కక్కుతున్నాడు. చెక్కు తీస్తున్న కత్తి పడేసి అత్త కూడా పరుగెత్తుకొచ్చింది. భయపడిందనుకున్నాను. భయమా పాడా, సంబరం!

"పట్టుకున్నాయి! నా కొడుక్కి పట్టుకున్నాయే! తోమాసినా, చూశావటే?"

తోమాసినా మా దగ్గర చెక్కు తీసే మనిషి. చేతికంటే నోరు చురుకు.

"చూసేదేముంది దోన్యా, ఆ చప్పుడు అవతలి కొండకి వినపడింది! అదృష్టమంటే నీదేనే నెరేయిదా. నేను నలుగుర్ని కన్నాను, నా మొగుడు ఒక్క త్రేన్పు కూడా తేన్చలేదు."

షెడ్డులో అందరూ పడీ పడీ నవ్వారు. ఆ పూట నాకూ ఎందుకో కాస్త తేలిగ్గా ఉండింది. పోయాయి కాబోలు అనుకుని నేనూ నవ్వాను. ఎలీహియో మూతి తుడుచుకుంటూ నా వంక చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు తెల్లారేసరికి నా వేవిళ్ళు రెట్టింపై తిరిగొచ్చాయి. కక్కడానికి ఏమీ లేక పసరు కక్కాను. నోరు పుక్కిలించుకుని, ఇవి ఎక్కడికీ పోలేదని అత్తతో చెబుదామని షెడ్డులోకి వెళ్ళాను. అప్పటికే అటు పికప్పు వెనక ఎలీహియో సంగీతం మొదలైంది. ఇటు తోమాసినా తన అన్న కథ మొదలుపెట్టింది.

"మా అన్న లేడూ, వాడికీ వచ్చాయమ్మా వేవిళ్ళు. ఓ పక్క వాడు కక్కుతాడు, ఇంకో పక్క మా వదినా కక్కుతుంది. మేమంతా అయ్యో పాపం, ఎంత ప్రేమో అనుకున్నాం. మా అత్త ఒకావిడ అంది కదా, ఓసి పిచ్చిమొహాల్లారా, కడుపుకొకరికే కదే వేవిళ్ళు! ఇద్దరికీ ఉన్నాయంటే ఇంకో కడుపు ఎక్కడో ఉన్నట్టే అని. మావో అనే ఊళ్ళో తేలింది ఆ రెండోది. ఆ పిల్లాడికీ అచ్చం మా అన్న చెవులే, చేటలంత!"

"నా కొడుకు అలాంటివాడు కాదు," అంది అత్త గర్వంగా. "చూడండి, నెరేయిదా మొహం ఎంత తేటగా ఉందో. ఏమే, ఇప్పుడు నీకేం లేవు కదా?"

కత్తులన్నీ ఆగాయి. అందరూ నా నోటి వంకే చూస్తున్నారు. నోట్లో ఇంకా పసరు చేదు తగులుతోంది.

"ఏం లేవు అత్తమ్మా," అన్నాను.

ఆ ఒక్క మాటతో నన్ను నేనే బావిలోకి తోసుకున్నాను.

ఇక చూడండి నా తిప్పలు. తురుము మోటారు వేసినప్పుడు చెవులు గింగుర్లెత్తే చప్పుడు. ఆ చప్పుడులో తొక్కల గుట్ట వెనక్కి వెళ్ళి కక్కి, పైన తొక్కలు కప్పేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చునేదాన్ని. పిండి దుమ్మంటూ ముక్కుకి గుడ్డ కట్టుకుని, దాని మడతలో నిమ్మతొక్క దాచాను. మంచం దిగకముందే ఒక ఉప్పు బిస్కెట్టు కొరికి నోట్లో నాననిస్తే కాస్త మేలని కనిపెట్టాను. వేడి వేడిదైతే వాసనకే తిరగబడేది, చల్లారిన అరటికాయ ముద్ద రెండు వేళ్ళతో తింటే కొన్నిసార్లు నిలిచేది. నీళ్ళు గ్లాసు ఎత్తి తాగితే అంతే సంగతులు. మంచు ముక్క చప్పరిస్తే గొంతు దిగేది. ఇవన్నీ దొంగతనంగానే. ఎవరైనా వస్తుంటే బిస్కెట్టు బుగ్గన పెట్టుకుని మొహం తిప్పేసుకునేదాన్ని.

అక్కడ దొరగారేమో ఊగుడు కుర్చీలో! అత్త కోడిని కోసి పులుసు కాచింది. పక్కింటివాళ్ళు అల్లం టీ తెచ్చారు. చర్చికి పోయినప్పుడల్లా అత్త కొడుకు గురించే చెప్పింది. ముసలమ్మలు వచ్చి వాడి నెత్తిన చెయ్యి పెట్టి దీవించి పోయారు. కోడి పులుసు వాసన ఇల్లంతా కమ్ముకుంటే నేను పెరటి గోడ పట్టుకుని ముక్కు మూసుకుని నిలబడ్డాను. ఎవరైనా నా భుజం మీద చెయ్యి వేసి 'ఎలా ఉందే తల్లీ' అంటారేమోనని ఎదురు చూశాను. వాళ్ళెందుకంటారు? నాకేం లేవు కదా!

దానికితోడు అనుమానం. అది వేవిళ్ళకంటే పాడు రోగం. నేను నిజంగానే కక్కుతున్నాను. వాడూ కక్కుతున్నాడు. మరి వాడివి ఎవరి వేవిళ్ళు? సంత రోజు ఇంటికి రాగానే వాడి చొక్కా తీసుకుని మూల మూలా వాసన చూసేదాన్ని. కడుపుతో ఉన్నదాని ముక్కు మీకు తెలియనిది కాదు, కుక్క ముక్కు చాలదు దాని ముందు. డీజిలు, వెల్లుల్లి, ఎండుచేప, ఎవడిదో చుట్ట పొగ, వాడి చెమట అన్నీ తెలిశాయి. ఆడదాని వాసన మాత్రం లేదు. ఊరట పడాలి కదా? పడలేదు. ఎంత జాగ్రత్తపరుడు, ఎక్కడా దొరక్కుండా వస్తున్నాడు అనుకుని మళ్ళీ కుళ్ళిపోయాను. ఆ చొక్కానే మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. దాని మీదే కక్కాను కూడా, తరవాత ఉతుక్కున్నాను.

అడిగేద్దామని ఎన్నిసార్లో నోటి దాకా వచ్చింది. అడగాలంటే నేను కక్కుతున్నానని చెప్పాలి. చెబితే షెడ్డులో లెక్క తేలిపోతుంది, ఊళ్ళో నా మొహం చెల్లదు. ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయాను. పెనం దగ్గర కూర్చుంటే లేచేదాన్ని, లేస్తే కళ్ళు తిరిగి కూర్చునేదాన్ని. పడుకుంటే మంచం పడవలా ఊగేది. ఎలీహియో పక్కన పడుకుని "బాగున్నావా?" అంటే, "బాగున్నా, నిద్రపో" అని విసురుగా అటు తిరిగేదాన్ని.

ఆఖరికి మంచు ముక్క కూడా నిలవడం మానేసింది. పావడా నాడా ఎంత బిగించినా జారిపోతోంది. పెదాలు పగిలాయి. ఒక పొద్దున దొడ్లోకి వెళ్తే మూత్రం చింతపండు నీళ్ళ రంగులో వచ్చింది, అదీ నాలుగు చుక్కలు. పోయినసారి కూడా ఎవరికీ చెప్పకుండా అన్నీ ఓర్చుకునే పోగొట్టుకున్నాను. ఇలాగే ఉంటే ఈ బిడ్డా పోతుంది. అప్పుడు మొగుడు మిగిలి ఏం లాభం, ఊరు మెచ్చి ఏం లాభం?

అత్త దగ్గరికి వెళ్ళాను. "అత్తమ్మా, నాకు ఒంట్లో ఏం బాగోలేదు. కాళ్ళు నిలవడం లేదు."

"ఆకలై ఉంటుందే, తిను. నీ పాట్లన్నీ వాడు పడుతున్నాడు కదా, తినడానికి కూడా బద్ధకమైతే ఎలాగమ్మా?" అంటూ గిన్నెలో పులుసు పోసింది. ఆ గిన్నె నాకిస్తుందనుకున్నాను. పట్టుకుని కొడుకు కుర్చీ దగ్గరికి వెళ్ళింది.

నాలో ఏదో తెగిపోయింది. నేరుగా పోయి పికప్పు ఎక్కి కూర్చున్నాను. "ఎలీహియో! లేచి రా. ఆసుపత్రికి తోలు."

"ఏమైంది?"

"తోలమన్నానా లేదా?"

నా గొంతు విని పులుసు అక్కడే వదిలేసి వచ్చాడు. బండి కొండ దిగుతోంది. మలుపుల్లో కడుపు గొంతులోకి వచ్చి పోతోంది. అడుగుతావా చస్తావా అని నన్ను నేనే తిట్టుకుని అడిగేశాను.

"ఎవరది?"

"ఎవరు ఎవరు?"

"దహబోన్‌లోనా, ఇంకెక్కడైనానా? ఎన్నో నెల దానికి? నాకు వేవిళ్ళు పోలేదు మనిషీ! ఒక్క రోజు కూడా పోలేదు. నువ్వు ముందు కక్కితే నేను వెనక కక్కాను. మరి నువ్వు ఎవరి కోసం కక్కుతున్నావో చెప్పు!"

బ్రేకు కొట్టాడు. కర్రపెండలం గోనెలు వెనక దబ్బున దొర్లాయి. నా వంక తిరిగాడు. ఈ చెంపలు, ఈ కళ్ళ కింద నల్లటి గుంటలు ఇన్నాళ్ళూ కనపడలేదా వాడికి? అప్పుడే చూస్తున్నట్టు చూశాడు.

"పోలేదా?" అన్నాడు. "నీకు తగ్గిందన్నావు కదే!"

"ఎవరని అడుగుతున్నాను."

"ఎవరూ లేరు నెరేయిదా. మొదటి రోజు చేప పడక కక్కాను. అమ్మ ఒకటే గంతులు వేసింది. నువ్వు నవ్వావు. ఎన్నాళ్ళయింది నువ్వు నవ్వి! నిజంగానే నీది నాకొచ్చి నీకు తగ్గిందనుకున్నాను. మర్నాడు నాకేం రాలేదు. రాకపోతే మళ్ళీ నీకు పోతుందేమోనని..." కుడిచేతి వేలు చూపించాడు. "ఇది గొంతులో పెట్టుకున్నాను. రోజూ అదే."

"రోజూనా?"

"రోజూ. గొంతంతా పుండై మింగుడు పడటం లేదు, తెలుసా?"

కాలి చెప్పు తీసి కొట్టాను. అబద్ధమెందుకు, ఒకటి కాదు, చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టాను. "దరిద్రుడా, నీ వేలు పాడుగాను! నీ వేలు మూలాన నేను చచ్చిపోతున్నాను రా! దాచుకుని దాచుకుని చస్తున్నాను!" అని ఏడుస్తూనే నవ్వొచ్చింది, నవ్వులోనే డోకొచ్చి కిటికీలోంచి తల బయట పెట్టాను. నా వీపు నిమరడానికి చెయ్యి ఎత్తాడు, మళ్ళీ కొడతానేమోనని దించుకున్నాడు.

"నిమురు," అన్నాను. "ఆ తరవాత బండి తోలు."

ఆసుపత్రిలో నర్సు నా నాలుక చూసి, చెయ్యి మీద తోలు పట్టి లాగి వదిలి, మూత్రం పరీక్ష చేసి చివాట్లు పెట్టింది. "ఒంట్లో తడి లేదమ్మా. తిండి లేక ఒళ్ళు తన కొవ్వు తనే కాల్చుకుంటోంది. ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారు?" మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చేతికి సెలైను కట్టారు. కడుపు మీద చల్లటి జిగురు రాసి డాక్టరమ్మ తెర నా వైపు తిప్పింది. అక్కడ మినప్పప్పు గింజంత ఏదో టపటపా కొట్టుకుంటోంది. నిలిచే ఉంది. ఎలీహియో గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు.

డాక్టరమ్మ చిన్నదే, మాట మాత్రం సూటి. "వేవిళ్ళు నీ ఒంట్లో బిడ్డ కోసం పుట్టేవి. అవి ఇంకొకరి ఒంట్లోకి నడిచి పోవు. మొగుడికి నిజంగా వికారం వచ్చినా, అది వాడి దిగులు. నీది నీకు అలాగే ఉంటుంది. పొద్దున్నే ఎండు బిస్కెట్టు, కొంచెం కొంచెంగా చల్లటి తిండి, అదంతా నువ్వు బాగానే చేశావు. కానీ నీళ్ళు కూడా నిలవకపోయినా, మూత్రం ముదురు రంగులోకి తిరిగినా, కళ్ళు తిరిగినా, ఓర్చుకోవడం గొప్ప కాదు. ఆ పూటే రావాలి." మాత్రలు రాసిచ్చింది. పెనం దగ్గర పని కొన్నాళ్ళు మానేయమంది.

సెలైను ఎక్కుతున్నంతసేపూ ఎలీహియో చెంచాతో నీళ్ళు నా పెదాలకి అందిస్తూ కూర్చున్నాడు. ఒక చెంచా ఇచ్చి, నిలిచిందా లేదా అని నా గొంతు వంక చూసేవాడు. ఇన్నాళ్ళ అల్లం టీలూ పులుసులూ అన్నీ ఒక ఎత్తు, ఆ చెంచా ఒక ఎత్తు.

ఇంటికొచ్చేసరికి కబురు మాకంటే ముందే చేరిపోయింది. నెరేయిదా వాంతులతో ఆసుపత్రిలో పడిందని ఊరంతా తెలుసు. షెడ్డులో మోటారు ఆపేసి ఉంది. ఆడవాళ్ళు కర్రపెండలం గుట్ట చుట్టూ కూర్చున్నారు గాని ఎవరి కత్తీ ఆడటం లేదు. లెక్క వేసుకోవడం అయిపోయిందని వాళ్ళ మొహాలే చెబుతున్నాయి.

అత్త లేచి నిలబడింది. కొడుకు మీద నిప్పులు కురిపిస్తుందనుకున్నాను. గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"ఎవర్రా ఆమె?"

ఎలీహియో నా వంక చూశాడు. నేను అందుకోలేదు. చెప్పుకో నాయనా, నీ కక్కు నువ్వే చెప్పుకో అన్నట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"నా రక్తం ఎక్కడో సంతలో పెరుగుతుంటే నేను తెలీకుండానే పోవాలా? చెప్పు. ఏ ఊరు?"

"ఏ ఊరూ లేదమ్మా. ఎవరూ లేరు." తల వంచుకుని ఆ వేలినే చూసుకుంటూ చెప్పాడు. "వేలు పెట్టుకుని కక్కాను. నేను కక్కితే నెరేయిదాకి తగ్గుతుందని."

ముందు తోమాసినాకే వెలిగింది.

"ఓరి నీ మొహం మండా! అయితే దోన్యా కోసిన కోళ్ళన్నీ ఆ వేలికేనటరా?"

షెడ్డు రేకులెగిరిపోయేలా నవ్వారు. ఎలీహియో చెవులు ఎర్రబడ్డాయి. అత్త నవ్వలేదు. గోనె మీద కూర్చుంది.

"వేలు పెట్టుకుంటే వస్తుందా అలా? నిజం వాంతిలాగే?"

"అలాగే వస్తుందమ్మా."

"చప్పుడూ అదీ? పక్కనున్నవాళ్ళు పోల్చుకోలేరా?"

"నువ్వు పోల్చుకోలేదు కదా."

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"నువ్వు నా కడుపులో ఉన్నప్పుడు మీ నాన్న కక్కాడురా," అంది. "ఊరంతా మెచ్చుకుంది. నేనూ కక్కాను, తొమ్మిది నెలలూ కక్కాను. ఎవరికీ చెప్పలేదు. ఎవత్తో ఉందనుకున్నాను. అడిగితే ఉందంటాడేమోనని అడగలేదు. బతికినన్నాళ్ళూ వేళకి పళ్ళెం పెట్టాను, పక్కన మాత్రం కూర్చోలేదు. పోయే ముందు నా చెయ్యి పట్టుకోబోయాడు. నేను దుప్పటి సర్దినట్టు చెయ్యి లాగేసుకున్నాను."

ఎలీహియో ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఆయనా వేలు పెట్టుకున్నాడంటావా?" అని అడిగింది కొడుకుని. డాక్టరమ్మ అన్నట్టు దిగులుపడి నిజంగానే కక్కాడేమో, వేలు పెట్టుకున్నాడేమో, అసలు ఎవత్తో ఉండేదేమో. అడగవలసినవాడు మట్టిలో ఉన్నాడు.

ఆమె పక్కకి వెళ్ళాలని అడుగు వేశాను. పిండిన నీళ్ళ వాసన గుప్పున కొట్టింది. నోట్లో నీళ్ళూరాయి. అలవాటు కొద్దీ కాళ్ళు తొక్కల గుట్ట వైపు తిరిగాయి. ఎందుకు పోవాలి అనిపించింది. అక్కడే, అందరి మధ్యనే, రెండు చేతులూ మోకాళ్ళకి ఆనించి వంగాను.

అత్త లేచి వచ్చింది. పిండి చేతులు పావడాకి తుడుచుకుని నా నుదురు గట్టిగా పట్టుకుంది.

"కక్కు తల్లీ," అంది. "అందరూ చూడనీ."